సిడ్నీ నుంచి గూడూరుకి ఎన్ని గంటలు

ఇప్పుడు మీరు బందరు వెళ్ళి, పరాసుపేటలో ఐసు పెట్టె రాజారత్నం షెడ్డు ఎక్కడో కనుక్కుని, "అమెరికా నుంచి మనిషి రావడానికి ఎన్ని గంటలు పడుతుందండీ" అని అడిగారనుకోండి, "నాకు తెలియదండి, టికెట్టు చదవడం వచ్చినవాళ్ళని అడగండి" అంటాడు. అనేసి తల దించుకుని పెట్టె అద్దం తుడుచుకుంటాడు. రెండేళ్ళ కిందట అయితే అడగకముందే చెప్పేవాడు. గంటలే కాదు, ఏ ఊళ్ళో దిగి విమానం మారాలో, అక్కడ ఎంతసేపు కూర్చోవాలో, గన్నవరంలో సామాను చేతికి రావడానికి ఎంత పడుతుందో, అన్నీ చెప్పేవాడు. విమానం ఎక్కడం మాట అటుంచి, గన్నవరం ఎయిర్‌పోర్టు గేటు లోపలికి కూడా ఎన్నడూ వెళ్ళని మనిషి అంత ధైర్యంగా ఎలా చెప్పేవాడని మీకు అనుమానం రావచ్చు. ఆ అనుమానం అప్పట్లో ఎవరికీ రాలేదు. రాకపోవడం వల్లే ఇదంతా జరిగింది.

ఐసు పెట్టె అంటే, పోయిన మనిషిని, రావలసినవాళ్ళు వచ్చేదాకా పడుకోబెట్టి ఉంచే ఫ్రీజర్ బాక్సు. పైన అద్దం మూత ఉంటుంది. రాజారత్నానికి అలాంటివి రెండున్నాయి. వయసులో ఉన్నప్పుడు గిలకలదిండి హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. బోట్లు వేటకు వెళ్ళేముందు వాటి కడుపులో ఐసు నింపడం అతని పని. ఏ ఊళ్ళోనైనా చావు జరిగి, దూరం నుంచి ఎవరైనా రావాలంటే, రెండు దిమ్మలు గోనెలో చుట్టి ఊక చల్లి పట్టుకెళ్ళేవాడు. తర్వాత్తర్వాత గుడివాడలో ఒక మెకానిక్కు పట్టుబట్టి నేర్పితే ఈ పెట్టెల వ్యాపారంలోకి దిగాడు. మనిషి మంచివాడు. ఏడ్చేవాళ్ళ దగ్గర గొంతు పెంచడు, పెట్టె దించేటప్పుడు చెప్పులు వదిలేస్తాడు.

చావు జరిగిన ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఎవరెవరు రావాలి అన్నది. రెండోది, ఎప్పటికి వస్తారు అన్నది. మొదటిది ఇంటివాళ్ళకి తెలుస్తుంది. రెండోది తేలితే గానీ పాస్టరుగారు భూస్థాపన ఇన్నిగంటలకని చెప్పలేరు. మన డెల్టాలో ప్రతి రెండో ఇంటికీ కువైట్‌లోనో లండన్‌లోనో ఒకరుంటారు కదా, మరి ఆ లెక్క ఎవరు చెప్పాలి? పెట్టె తెచ్చినవాడు పక్కనే ఉంటాడు, పది ఇళ్ళలో చూసినవాడు, అతన్ని అడుగుదాం అనుకున్నారు. మొదట్లో రాజారత్నం "ఏమోనండీ" అనేవాడు. తర్వాత ఒకసారి అన్న మాట నిజమైంది. నందివాడలో ఒక పెద్దాయన పోతే, మనవడు డల్లాస్ నుంచి శనివారం పొద్దున్న టిఫిన్ల వేళకి వస్తాడన్నాడు. అతను సరిగ్గా ఇడ్లీలు వడ్డించే టైముకి కారు దిగాడు. అంతే, ఆ రోజు నుంచి ఊళ్ళో పేరు మారిపోయింది.

పేరు వచ్చాక ఊరికే ఉంటామా? బందరులో ఒక బడి వాళ్ళు పారేసిన ప్రపంచ పటం ఒకటి తెచ్చి షెడ్డు గోడకి కొట్టాడు. హైదరాబాదు మీద బొటనవేలు పెట్టి, జాన చాచి కొలిచేవాడు. ఒక జానకి పది గంటలు. మిగిలిన బెత్తెడుకి మూడు. దారిలో విమానం ఆగే ప్రతి ఊరికీ నాలుగు కలపాలి. గన్నవరం నుంచి ఇంటికి రెండు. లెక్క ఇంతే. ఇందులో అతనికి గట్టి నమ్మకం ఒకటుంది. బోటు ఎంత దూరం వెళ్ళినా కడుపులో ఐసు ఉన్నంతవరకే, తర్వాత ఏదో ఒక రేవు పట్టాల్సిందే. విమానమైనా అంతే, అంత సముద్రం దాటాలంటే మధ్యలో ఎక్కడో దిగాలి, నూనె పోసుకోవాలి. ఈ ముక్క భార్య మార్తమ్మతో ఎన్నిసార్లు అన్నాడో. ఆవిడ చేపలు తోముతూ "మీరు చూసొచ్చారా?" అనేది. అతనికి కోపం వచ్చేది.

ఇక ఆ బుధవారం సంగతి.

గూడూరులో స్వర్ణలత టీచరు పోయింది. యాభై రెండేళ్ళు. మంగళవారం మధ్యాహ్నం బడిలో నోట్సులు దిద్దుతూ కుర్చీలోనే వాలిపోయింది. గుండె. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయినప్పుడు తమ్ముడు శామ్యూల్ రాజ్‌కి పన్నెండేళ్ళు, చెల్లెలు ప్రేమకి ఐదు. ఇద్దరినీ ఆవిడే పెంచింది. ప్రేమకి జడలు వేసి బడికి పంపిన చేతులు ఆవిడవి, నర్సింగు చదివించి సిడ్నీ విమానం ఎక్కించిందీ ఆవిడే. శామ్యూల్ రాజ్‌కి చెల్లెలు అంత దూరం వెళ్ళడం ఇష్టం లేక అప్పట్లో రెండు నెలలు మాట్లాడలేదు. అతను వరి వ్యవసాయం చేసుకుంటూ అక్క పక్క వాటాలోనే ఉంటాడు.

రాజారత్నం మంగళవారం సాయంత్రమే పెట్టె తెచ్చి పెట్టాడు. బుధవారం పొద్దున్న ఎలా ఉందో చూద్దామని మళ్ళీ వచ్చాడు. వచ్చేసరికి వరండాలో పాస్టరుగారు, సంఘ పెద్దలు, టీచర్లు కూర్చుని ఉన్నారు. శామ్యూల్ రాజ్ ఎదురొచ్చి సెల్‌ఫోను చేతికిచ్చాడు.

"చెల్లి టికెట్టు పంపింది మావయ్యా. విమానం ఎక్కేశాక ఫోను కలవడం లేదు. 'నేను వచ్చేదాకా ఆపు అన్నయ్యా' అని మెసేజి పెట్టింది. ఎప్పటికి వస్తుందో కాస్త చూసి చెప్పండి."

ఇక్కడ రెండు విషయాలు మీకు చెప్పాలి. రెండూ అప్పుడు ఆ వరండాలో ఎవరికీ తెలియవు.

ఒకటి, రాజారత్నానికి ఆ టికెట్టు చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. కానీ ఆ చిన్న తెర మీద, అన్ని అంకెల మధ్య, పైన ఒక టైము, కింద ఒక టైము ఉంటే ఏది ఎక్కడిదో అతనికి ఎన్నడూ అంతుపట్టలేదు. ఇన్నేళ్ళూ టికెట్టు చూసినట్టు తల ఊపి, గోడ మీద జాన లెక్కే చెప్పాడు. చదవడం రాదని ఒప్పుకోవడానికి పదిమందిలో నోరు రాలేదు.

రెండోది ఇంకా పాడు విషయం. అతని రెండో పెట్టె కంప్రెసరు పోయి గుడివాడలో మెకానిక్కు దగ్గర ఉంది. ఆ పొద్దున్నే అవనిగడ్డ నుంచి రైసుమిల్లు గుమాస్తా దుర్గారావు ఫోను చేశాడు. దివిసీమలో పేరున్న ఆ మిల్లు వాళ్ళ ఇంట్లో పెద్దావిడ పోయింది, సాయంత్రానికి పెట్టె కావాలి. అంత పెద్దింటి నుంచి పిలుపు రావడం అదే మొదటిసారి. "తెస్తానండి, ఆరింటికల్లా మీ గుమ్మంలో ఉంటుంది" అని మాటిచ్చేశాడు. ఉన్నది ఒక్క పెట్టె. ఆ పెట్టెలో స్వర్ణలత టీచరు పడుకుని ఉంది.

రాజారత్నం ఫోను కళ్ళకి దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. తొమ్మిదిన్నర అని ఒకచోట, ఐదు అని ఒకచోట కనపడింది. బెంగళూరు అన్న పేరు పోల్చుకున్నాడు.

"ఇది బెంగళూరు వరకే. సింగపూర్‌లో దిగి, ఏడెనిమిది గంటలు ఆగి, అక్కడి నుంచి మళ్ళీ ఎక్కాలి. బెంగళూరులో దిగేసరికి రేపు సాయంత్రం. గూడూరుకి ఎల్లుండి పొద్దున్న అనుకో శామ్యూలూ."

స్వర్ణలతతో కలిసి పనిచేసిన సోషల్ టీచరు ఇందిర మెడ ముందుకు చాపి తెర వైపు చూసింది. నెమ్మదైన మనిషి, సంఘం వాళ్ళ మధ్య మాట్లాడటానికి కాస్త మొహమాటపడుతూనే అంది.

"ఇందులో నాన్‌స్టాప్ అని ఉందండీ. బయల్దేరడం తొమ్మిదిన్నర, దిగడం ఇవాళ సాయంత్రం ఐదు. తారీకు కూడా ఇవాళ్టిదే."

"తొమ్మిదిన్నరకి బయల్దేరి ఐదింటికి దిగడమా? ఏడున్నర గంటల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చేస్తారా టీచరుగారూ?"

"కాదండీ, వాళ్ళ గడియారం వేరు. మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది. అది కలిపితే పన్నెండు గంటల ప్రయాణం. నేరుగా వచ్చే విమానాలు ఇప్పుడు ఉన్నట్టున్నాయండీ."

రాజారత్నానికి చెవులు వేడెక్కాయి. ఇరవై మందిలో తన లెక్క మీద ఇంకొకరు మాట్లాడటం అదే మొదలు. ఆవిడ చెప్పింది నిజమేమో అన్న అనుమానం కూడా వచ్చింది. వచ్చిన మాట వాస్తవం, అతనే తర్వాత చెప్పుకున్నాడు. నిజమైతే రేపు పొద్దున్నదాకా ఆపాలి. ఆపితే దివిసీమకి పెట్టె వెళ్ళదు.

"నాన్‌స్టాప్ అని బందరు బస్సు మీద కూడా రాస్తారు టీచరుగారూ. పామర్రులో టీకి ఆగదేమిటి?"

చావింట్లో ఎవరూ పగలబడి నవ్వరు గానీ, ఒకరిద్దరు పెద్దలు మూతి తుడుచుకున్నారు. ఇందిర మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి జరిగింది. పాస్టరుగారు శామ్యూల్ రాజ్ వైపు చూశారు. శామ్యూల్ రాజ్ రాజారత్నం వైపు చూశాడు.

"ఎల్లుండి దాకా ఉంచొచ్చా మావయ్యా?"

"ఉంచొచ్చు. కానీ కరెంటు సంగతి మనకి తెలుసు కదా. రెండు రోజులంటే ముఖం మారిపోతుంది. అక్కని అలా చూపిస్తావా చెల్లికి?"

ఆ మాటతో శామ్యూల్ రాజ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని సరే అన్నాడు. భూస్థాపన సాయంత్రం మూడున్నరకని పాస్టరుగారు కబురు పెట్టారు.

సమాధుల తోటలో పని నాలుగుంపావుకల్లా అయిపోయింది. స్వర్ణలతను చెక్కపెట్టెలోకి మార్చింది రాజారత్నమే. అద్దం మూత తీసిందీ, చెక్కమూత బిగించిందీ అతనే. అవనిగడ్డ దుర్గారావు అప్పటికి రెండుసార్లు ఫోను చేశాడు. మట్టి వేస్తుండగానే టీచరుగారింటికి వెళ్ళి, ఖాళీ పెట్టె ట్రాలీ ఆటోలో కట్టుకుని దివిసీమ దారి పట్టాడు.

చల్లపల్లి దాటాడు. ఐదూ ఇరవై. ఫోను మోగితే దుర్గారావే అనుకుని, "వచ్చేస్తున్నానండి" అన్నాడు.

"నేను మావయ్యా, శామ్యూల్‌ని." అవతల గొంతు చాలా మామూలుగా ఉంది. "చెల్లి బెంగళూరులో దిగింది. ఇప్పుడే ఫోను చేసింది. రేపు పొద్దున్న గన్నవరం ఫ్లైటు దొరికిందంట. అక్కని ఎక్కడ ఉంచారు అన్నయ్యా అని అడిగింది."

రాజారత్నం బండి వేగం తగ్గించాడు.

"తోట నుంచి వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోలేదు మావయ్యా. ఏం చెప్పాలో తెలియక ఫోను పెట్టేశాను."

రాజారత్నం బండి పక్కకి తీశాడు. తొమ్మిదివేల మూడొందల కిలోమీటర్లు ఆ పిల్ల ఎక్కడా దిగకుండా, అక్క ముఖం చూస్తానన్న నమ్మకంతో కూర్చుని వచ్చింది. ఆమె సముద్రం మీద ఉండగానే తను ఇక్కడ చెక్కమూత బిగించాడు. ఒక్క రాత్రి ఆగితే సరిపోయేది. అలా రోడ్డు పక్కన ఎంతసేపున్నాడో అతనికే తెలియదు. తర్వాత పులిగడ్డ వంతెన దాటి పెట్టె తీసుకెళ్ళి మిల్లు వాళ్ళింట్లో దించాడు. మాటిచ్చాడు కదా. వాళ్ళు టీ ఇస్తే తాగాడు కూడా. ఆ టీ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తన మీద తనకే రోత.

శుక్రవారం, ఆ రోజు తొందరలో గూడూరులో వదిలేసిన పెట్టె స్టాండు తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఎవరూ లేనప్పుడు తీసుకొచ్చేద్దామనుకున్నాడు గానీ వరండాలో ప్రేమ కూర్చుని ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి, ఒళ్ళో అక్క కళ్ళజోడు పెట్టుకుని వీధి వైపు చూస్తోంది. ఇతను ఎవరో ఆమెకి తెలియదు. శామ్యూల్ రాజ్ ఇంటి పక్కకి తీసుకెళ్ళి స్టాండు చూపించాడు.

"మాట్లాడటం లేదు మావయ్యా. వచ్చినప్పుడు ఒక్క మాటంది. 'నన్ను పంపడం నీకు ఇష్టం లేదు, సరే, అక్కని చూడనివ్వడం కూడా ఇష్టం లేదా అన్నయ్యా' అంది. అంతే. సోమవారం వెళ్ళిపోతుంది. ఇక రానంటోంది."

"నేను చెప్పానని చెప్పలేదా?"

"పెద్దవారు మీరు. నమ్మి మిమ్మల్ని అడిగింది నేను. మీ పేరు ఎందుకు లాగడం?"

అప్పుడైనా అతను ఆ వరండాలోకి వెళ్ళి, "అమ్మా, తప్పు నాది" అనొచ్చు. పది అడుగుల దూరం. అనలేదు. స్టాండు భుజాన వేసుకుని, పెరటి దారిన, దొంగలా బయటపడ్డాడు. నేను ఈ మాట అంటే అతను నొచ్చుకోడు, దొంగలా అన్నది అతని మాటే.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. మార్తమ్మ పులుసు పోసింది. కలపలేదు.

"అవనిగడ్డ ఫోను నా ముందేగా వచ్చింది" అంది మార్తమ్మ.

అతను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"లెక్క తప్పిందని ఊరంతా అనుకుంటున్నారు. లెక్క తప్పితే మనిషికి అన్నం దిగుతుందండీ, ఇలా ఉండదు."

ఆవిడ అంతకుమించి ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి కష్టమైంది.

ఆదివారం మధ్యాహ్నం గూడూరులో ఆదరణ కూడిక, అంటే పోయినవారిని తలుచుకుని చేసే ప్రార్థన, పెట్టారు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు. రాజారత్నం, మార్తమ్మ చివరి వరసలో కూర్చున్నారు. ముందు వరసలో ఒక కొసన శామ్యూల్ రాజ్, రెండో కొసన ప్రేమ. మధ్యలో కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. పాటలయ్యాయి, వాక్యం అయింది. ఎవరైనా స్వర్ణలత టీచరు గురించి రెండు మాటలు చెప్పాలనుకుంటే రావచ్చన్నారు పాస్టరుగారు. హెడ్మాస్టరు మాట్లాడారు. ఇందిర మాట్లాడింది. మూడోవాడు రాజారత్నం. లేచేటప్పుడు మార్తమ్మ మోచెయ్యి కింద చెయ్యేసి లేపింది.

మైకు పట్టుకుని కళ్ళు దించుకున్నాడు. అందరూ ప్రార్థన చేస్తాడేమో అనుకుని తలలు వంచారు.

"నేను టీచరుగారి గురించి చెప్పడానికి రాలేదండి" అన్నాడు. "నా పేరు రాజారత్నం. ప్రేమమ్మా, ఐసు పెట్టె తెచ్చింది నేనే. ఎల్లుండికి గాని రావని మీ అన్నయ్యకి చెప్పింది కూడా నేనే. మీ అన్నయ్య ఎల్లుండి దాకా కూడా ఉంచుతానన్నాడు. ముఖం మారిపోతుందని భయపెట్టాను."

ప్రేమ తిరిగి చూసింది. అతను ఆమె వైపు చూడలేక మైకు వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు టికెట్టు చదవడం రాదమ్మా. ఎన్నడూ రాలేదు. అందరి దగ్గరా వచ్చినట్టు నటించాను. ఇందిర టీచరుగారు సరిగ్గా చదివి చెప్పారు. పన్నెండు గంటలే అన్నారు. ఆవిడని పదిమందిలో నవ్వులపాలు చేశాను. నిజమేమోనని నాకు అనిపించింది. అనిపించినా నోరు మూసుకున్నాను. ఎందుకంటే నా దగ్గర ఉన్నది ఒక్క పెట్టె, దాన్ని సాయంత్రానికి అవనిగడ్డ తెస్తానని ఒక పెద్దింటికి మాటిచ్చాను."

షామియానా కింద ఎవరో "ఛీ" అన్నారు. గట్టిగా కాదు, వినపడేంత. రాజారత్నం విన్నాడు. ఆ మాట తనకి రావలసిందే అనుకున్నాడు.

ప్రేమ లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నారు అందరూ. అరవలేదు. ఆమెకి అడగాల్సింది వేరే ఉంది.

"మూత వేసేటప్పుడు మీరే ఉన్నారా?"

"నేనే ఉన్నానమ్మా."

"అన్నయ్య అప్పుడు చూడలేకపోయాడట. వదిన కూడా చూడలేదంది. చివరగా చూసింది మీరే. అక్క ముఖం ఎలా ఉంది?"

ఈ ప్రశ్నకి రాజారత్నం దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇన్నేళ్ళలో కొన్ని వందల ఇళ్ళలో చెప్పాడు. నిద్రపోయినట్టే ఉన్నారమ్మా, ఏ బాధా లేదు. చాలాచోట్ల అది నిజం కూడా. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. అంటే ఆమెకి కాస్త ఊరట. తనకి కూడా.

"చూడలేదమ్మా" అన్నాడు. "మూత బిగించేటప్పుడు నేను గడియారం చూసుకుంటున్నాను."

ప్రేమ ఖాళీ కుర్చీలు దాటుకుంటూ ఆ కొసకి వెళ్ళి శామ్యూల్ రాజ్ పక్కన కూర్చుంది. అతను తలెత్తలేదు. "అన్నయ్యా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా" అని అడిగింది. అప్పుడతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజారత్నం వైపు ఎవరూ చూడలేదు. మైకు ఎవరికివ్వాలో, ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి ఇందిర టీచరు లేచి వచ్చి అతని చేతిలోంచి తీసుకుంది.